బోనులో బేరం

ఒక మనిషిని జైలుకు పంపాలంటే ఏం కావాలి? పోలీసులు, సర్కారు వకీలు, కళ్ళారా చూసినవాళ్ళు కావాలని మీరనుకుంటారు. అంత ఖర్చు అక్కర్లేదు. అతని మేలు మనసారా కోరే దుకాణదారుణ్ణి ఒకణ్ణి పట్టుకొచ్చి, అతని తరఫునే సాక్షి బోను ఎక్కిస్తే చాలు. మిగతా పని వాడే చక్కబెడతాడు. నేను అట్లాగే చక్కబెట్టాను. ఎవరూ బలవంతం చెయ్యలేదు, నా నోటితో నేనే, నిండు కోర్టులో, టైపు మిషను ముందర.

మాది శంషాబాద్ బజారులో స్టీలు సామాన్ల దుకాణం. అక్షరాలు రాకముందే నాకు బేరం వచ్చింది. అన్నం తినిపించేటప్పుడు అమ్మ ఐదు ముద్దలంటే రెండనేవాణ్ణట, చివరికి మూడున్నరకు తెగేదట. దవాఖానలో డాక్టరు మూడు సూదులంటే రెంటికి ఒప్పించి, విజయగర్వంతో ఇంటికొచ్చి, జ్వరం తగ్గక మూడోదాని కోసం మళ్ళీ లైనులో నిలబడ్డ ఘనుణ్ణి. ఎవరైనా నా ముందు ఒక అంకె అంటే దాని పక్కన ఇంకో అంకె పెట్టకుండా ఉండలేను. ఇది గుణమో రోగమో మీరే తేల్చుకోండి, నేను మాత్రం చాలాకాలం తెలివి అనుకున్నాను.

విమానాశ్రయం వచ్చిన కొత్త రోజులవి. మా నెత్తి మీద విమానాలు నిమిషాల లెక్కన దిగేవి. కింద మా బజారు మాత్రం పొద్దు లెక్కనే బతికేది. ‘ఎండ పొద్దు’, ‘పొద్దు వాలినంక’, ‘దీపాల యాళ’. గడియారం దుకాణంలో ఉండేది గానీ అది కూడా అమ్మకానికే.

ఇక సత్తయ్య సంగతి. శంషాబాద్ పక్క ఊరి రైతు. ఉన్న కాస్త భూమి కొత్త రోడ్డు కింద పోతే, వచ్చిన దానితో నీలం రంగు ట్రాలీ ఆటో కొన్నాడు. కూరగాయలు, సిమెంటు, పెళ్ళి సామాను, ఏదైనా మోసేవాడు. ఒక ఎండాకాలం సాయంత్రం విమానాశ్రయం మలుపు దగ్గర ఒక నీలం ట్రాలీ సైకిలు మీద పోతున్న వాచ్‌మన్‌ని గుద్ది ఆగకుండా వెళ్ళిపోయింది. పాపం ఆయన కాలు విరిగింది. మలుపులోని చాయ్ హోటలాయన రంగు చూశాడు, ఎండ కళ్ళల్లో కొట్టి నంబరు చూడలేకపోయాడు. ఆ దారిన రోజూ తిరిగే నీలం ట్రాలీ సత్తయ్యది. పోలీసులు కేసు కట్టారు. ఎప్పుడు గుద్దిందయ్యా అంటే సాయంత్రం ఆరు అని కాగితాల మీదికెక్కింది.

ఆ సాయంత్రం సత్తయ్య ఎక్కడున్నాడు? మా దుకాణంలో. బగోనె బేరమాడుతూ. ఇరవై మందికి బువ్వ వండేంత బగోనె, మరదలి గృహప్రవేశానికి పెట్టడానికి. ఇది నేను కళ్ళారా చూసిన నిజం. ఇందులో అబద్ధం ఆవగింజంత లేదు. నా దగ్గర నిజం ఉంది, దాని గంటే లేదు.

మూడేళ్ళు వాయిదాల మీద నడిచాక, సత్తయ్య తరఫు వకీలు దుకాణానికొచ్చి మొదట మా బాపును అడిగాడు.

“ఆ రోజు సత్తయ్య మీ దుకాణంలోంచి ఎన్నింటికి వెళ్ళాడు?”

“పొద్దూకినంక పోయిండు సారు.”

“పొద్దూకినంక అంటే కోర్టు ఒప్పుకోదు. గంట చెప్పాలె.”

“గంట నాకేమెరుక? నేను గిరాకి మొఖం చూస్తనా, గడియారం మొఖం చూస్తనా?”

వకీలు నిరాశగా పెన్ను మూసేశాడు. చేతికొచ్చిన గిరాకీ మెట్లు దిగిపోతుంటే చూస్తూ ఊరుకునే రక్తమా నాది? గల్లా వెనకనుంచి ఒక్క దూకు దూకాను.

“సార్, మీకెంతకైతే సరిపోతది?”

“ఆరు గంటలకు గుద్దిందంటున్నరు. ఆరున్నర దాక ఇక్కడే ఉన్నడంటే మనకు ఢోకా లేదు.”

“అయితే ఆరున్నరే సార్. రాసుకోండి.”

“గట్టిగ చెప్తవా?”

“ఇనుము లెక్క చెప్త.”

వకీలు సంబరంగా వెళ్ళాడు. బాపు ఒక స్టీలు గిన్నెను గుడ్డతో తుడుస్తూ తలెత్తకుండానే అన్నాడు. “తెల్వంది తెల్వదని చెప్పరాదుర కొడకా?”

“బాపూ, తెల్వదంటె సత్తయ్యన్నను లోపలేస్తరు.”

“తెలుసంటె నిన్ను గూడ ఏస్తరేమో చూస్కో.”

నేను నవ్వాను. తర్వాత ఆ నవ్వు ఎంతకు పడిందో చెప్తాను.

బుద్వేల్ దాటి కొంచెం దూరం పోతే కోర్టు వస్తుంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నుదుట బొట్టు పెట్టుకుని, పెళ్ళికొడుకు తమ్ముడిలా వెళ్ళాను. ఎదురుగా సత్తయ్య ముద్దాయి బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మూడేళ్ళలో మనిషి సగమయ్యాడు. వెనక బెంచీ మీద బాపు, బాపు పక్కనే కర్రతో ఆ వాచ్‌మన్. దేవుని మీద ప్రమాణం చేయించారు. మా వకీలు అడిగాడు, నేను “ఆరున్నర” అని గంట కొట్టినట్టు చెప్పాను. సత్తయ్య ముఖంలో రక్తం తిరిగొచ్చింది. జడ్జి గారు చెప్తుంటే టైపిస్టు టకటకా కొట్టాడు. అక్కడితో దిగిపోతే ఇవాళ నేను మీకు ఈ కథ చెప్పేవాణ్ణే కాను.

సర్కారు వకీలు లేచారు. కోస్తా నుంచి వచ్చిన మేడం, సన్నటి గొంతు, మాటకు ముందో అండీ, వెనకో అండీ. పెద్దగా అరిచే వకీలును ఊహించుకుని బిగుసుకున్న నేను ఆ గొంతు వినగానే వదులయ్యాను. మెత్తగా మాట్లాడే గిరాకీయే ప్రమాదమని మా బాపు వందసార్లు చెప్పాడు. దుకాణంలో గుర్తుంటుంది గానీ బోనులో ఎక్కడ గుర్తుంటుంది?

“మూడేళ్ళ కిందటి సంగతి కదండీ. ఆరున్నరకే అని అంత ఖచ్చితంగా ఎలా చెప్పగలుగుతున్నారు?”

“గుర్తుంది మేడం.”

“సత్తయ్య ఐదు గంటలకే మీ దుకాణం నుంచి వెళ్ళిపోయాడని నేనంటాను. మీరేమంటారు?”

కోర్టుల్లో అట్లాగే అడుగుతారని నాకు తర్వాత తెలిసింది. ఎదుటి సాక్షి ముందు తమ మాట పెట్టి, మీరేమంటారు అంటారు. అవునో కాదో చెప్పి ఊరుకోవాలి. కానీ అయ్యా, మీరే న్యాయం చెప్పండి. పాతికేళ్ళుగా ‘ఇంతకిస్తావా, నువ్వేమంటావు’ అన్న మాట చెవిన పడగానే నా ప్రాణం ఏ దారిన పోతుందో ఆ దారినే పోయింది.

“ఐదా! మరీ ఐదా మేడం! ఐదుకైతే నాకే పడది.”

జడ్జి గారు తలెత్తారు. మేడం కళ్ళల్లో ఏదో మెరిసింది.

“పోనీ, ఐదున్నర అంటాను.”

“గట్ల మాట్లాడితె ఎట్లమ్మా? జర నా దిక్కు గూడ చూడున్రి. ఆరుంబావు చేస్కోండి.”

“అంటే ఆరున్నర కాదన్నమాట.”

“మీరింతగనం అడుగుతున్నరు గాబట్టి.”

“ఐదూ నలభై?”

“ఆరు. ఇగ తగ్గేది లేదు. ఆఖరు మాట.”

మేడం ఫైలు మూశారు. మూసి, నా వంక చూడకుండా తన కుర్చీ వైపు రెండడుగులు వేశారు.

ఆమె మంచినీళ్ళ కోసం వెళ్ళారట. నాకేం తెలుసు? నాకు కనబడ్డదల్లా బేరం కుదరక వెనుదిరిగిన గిరాకీ వీపు. ఆ వీపు చూస్తే ఏ దుకాణదారుడూ ఊరికే కూర్చోలేడు. బోను చెక్క మీదికి వంగి, చెయ్యి చాపి, గొంతు చించుకున్నాను.

“అమ్మా! ఓ అమ్మా! ఇటు రాండ్రి! కోపం చేస్తె ఎట్ల? ఐదూ ముప్పావు! తీస్కపోన్రి!”

మేడం వెనక్కి తిరిగారు. “ఐదూ ముప్పావుకి వెళ్ళిపోయాడు. అంతేనా అండీ?”

“మీ కోసమని ఇస్తున్న. బయట ఎవరికీ చెప్పకుండ్రి.”

టైపు మిషను టకటకమంది. ఆ చప్పుడుకు మెలకువ వచ్చింది. ఆరింటికి గుద్దిన బండి, ఐదూ ముప్పావుకు దుకాణం దిగిన డ్రైవరు, పది నిమిషాల దారి. సత్తయ్యను చేయి పట్టుకుని తీసుకెళ్ళి ఆ మలుపులో, ఆ సైకిలు వెనక, సరిగ్గా వేళకు నిలబెట్టి వచ్చాను. పోలీసులు మూడేళ్ళు కష్టపడినా ఇంత బాగా నిలబెట్టలేదు. కోర్టు గొల్లుమంది. బంట్రోతు నోటికి చేతి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. సత్తయ్య మాత్రం నవ్వలేదు. రెండు చేతుల్తో తల పట్టుకున్నాడు.

జడ్జి గారు కళ్ళజోడు తీశారు. “ఆ రోజు నువ్వు గడియారం చూశావా?”

“లేదు సార్.”

“మరి ఆరున్నర ఎక్కడి నుంచి వచ్చింది?”

నిజం చెప్తానని ప్రమాణం చేశాను కదా. పోయి పోయి అప్పుడే గుర్తుకొచ్చింది.

“వకీలు సారుకు గంతైతె సరిపోతదన్నరు సార్.”

మా వకీలు చేతిలోని కాగితాలు నేల మీద పడ్డాయి. ఏరుకోవడానికి వంగినవాడు చాలాసేపు లేవలేదు. జడ్జి గారు ఆయన వైపు చూసిన చూపుకు పైన తిరిగే ఫ్యాను కూడా ఆగాలి. “భోజనం తర్వాత చూద్దాం. సాక్షి ఎక్కడికీ వెళ్ళకూడదు,” అన్నారు.

వరండాలో సత్తయ్య నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

“సేటూ, బగోనె మీద రూపాయి తగ్గమంటె పొద్దూకె దాక తగ్గకపోతివి. నా పానం మీద ముప్పావు గంట ఒక్క నిమిషంల తగ్గితివి గదనే!”

“సత్తయ్యన్నా, నోరు జారింది.”

“లైసెన్సు పోతె బండి ఎవలు నడుపుతరు? భూమి పాయె. ఇంట్ల ఉన్నది గా బండే. నేను లోపలికి పోతె పోత, పిల్లలేం జెయ్యాలె?”

ఏ అంకె పక్కన ఏ అంకె పెట్టినా ఆ ప్రశ్నకు సరిపోదు. బాపు నా భుజం మీద చెయ్యేసి అన్నాడు. “అది నోరు గాదురా, తరాజు. ఎవలేం ఏసినా అటు వంగుతది.”

మధ్యాహ్నం మళ్ళీ బోను. ఈసారి జడ్జి గారే మాట్లాడారు.

“చూడబ్బాయ్. కోర్టుకు గంటలు కావాలి, కాదనను. కానీ మనుషులు గంటలు గుర్తుపెట్టుకోరని కోర్టుకూ తెలుసు. పది నిమిషాలు అటూ ఇటూ చెప్పిన సాక్షిని అబద్ధాలకోరు అనం. మూడేళ్ళ తర్వాత నిమిషంతో సహా ఒప్పజెప్పేవాడు వస్తేనే, వీడికి ఎవరు నేర్పారా అని చూస్తాం. నీకు గంట తెలియదు. సరే. నువ్వు చూసింది చెప్పు. అంకెలు ఎత్తకు.”

అంకెలు లేకుండా మాట్లాడటం నా జన్మలో అదే మొదలు. బట్టలు విప్పి బజారులో నిలబెట్టినట్టుంది. మెల్లగా మొదలుపెట్టాను.

“మా దుకాణం పడమటి మొఖం సార్. సత్తయ్యన్న వచ్చినప్పుడు ఎండ సీదా లోపలికి కొడుతుండె. బగోనె తళతళ మెరిసి కండ్లు చూడనిస్తలేదు. నీడకు జరిపి చూపెట్టిన. ఏలి కణుపుతోని కొట్టి చూసిండు, చెవి పెట్టి విన్నడు, తూకం వెయ్యమన్నడు. ధర చెప్పిన. వద్దని పోయిండు.”

మేడం చటుక్కున లేచారు. “వెళ్ళిపోయాడని సాక్షే అంటున్నారండీ!”

“పోవుడంటె మెట్ల దాకనే మేడం. పిలుస్తనేమో అని ఆగిండు. నేను పిలిచిన. గట్ల మస్తు సార్లు పోయిండు, మస్తు సార్లు వచ్చిండు. ఇందాక మీరు కుర్చీ దాక పోలేదా? గట్లనే.”

ఈసారి జడ్జి గారు కూడా నవ్వు ఆపుకోలేదు. మేడం పెదవి బిగబట్టి కూర్చున్నారు.

“చివరికి బేరం ఎప్పుడు తెగింది?” అన్నారు జడ్జి గారు.

“మా బాపు దీపం ముట్టించినప్పుడు సార్. ఎండ పోయి, దుకాణంల చీకటి పడి, బాపు లక్ష్మీదేవి పటం కాడ దీపం పెట్టి ఊదుబత్తి ముట్టించిండు. దీపం పెట్టినంక గిరాకిని ఉత్త చేతులతోని పంపొద్దని మా ఇంట్ల పట్టింపు. గప్పుడు ఆయన అడిగిన ధరకే ఇచ్చేసిన.”

“ఆ పట్టింపు సత్తయ్యకు తెలుసా?”

ఈ ప్రశ్న మూడేళ్ళలో నాకు నేను ఒక్కసారీ వేసుకోలేదు. సత్తయ్య వైపు చూశాను. ముద్దాయి బోనులో ఆ మనిషి తల వంచుకుని, దొంగచాటుగా నవ్వుతున్నాడు. అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం. ఆ పొద్దంతా సత్తయ్య నాతో బేరమాడలేదు. మా బాపు అగ్గిపుల్ల గీసేదాకా కాలక్షేపం చేశాడు. మెట్ల దాకా పోవడం, రావడం, చెవి పెట్టి వినడం అన్నీ దాని కోసమే. బేరంలో పుట్టి బేరంలో పెరిగిన నన్ను ఒక ట్రాలీ డ్రైవరు దీపంతో కొట్టాడు.

“తెలుసు సార్,” అన్నాను నీరసంగా. “గందుకే పొద్దూకె దాక గుంజిండు. ఇప్పుడే అర్థమైంది నాకు.”

మేడం చివరిసారి లేచారు. “దీపం ఎన్నింటికి పెట్టారండీ?”

“చీకటి పడ్డప్పుడు మేడం. గంట నాకు తెలియదు.”

“ఆరింటికే పెట్టారని నేనంటాను. మీరేమంటారు?”

నాలుక కొసకు అంకె వచ్చి కూర్చుంది. వెనక బెంచీలో బాపు దగ్గాడు.

“ఏమీ అననమ్మా. తెలియదు.”

మేడం తన కుర్చీ వైపు రెండడుగులు వేశారు. నా కుడి చెయ్యి దానంతటదే లేచింది. ఎడమ చేత్తో దాన్ని బోను చెక్కకు అదిమి పట్టుకున్నాను. మూడో అడుగు. నాలుగో అడుగు. కూర్చున్నారు. జీవితంలో మొదటిసారి ఒక గిరాకీని పోనిచ్చాను.

కొన్ని వారాలకు తీర్పు వచ్చింది. ఈ సాక్షి చెప్పిన గంటల్లో ఒక్కటీ నమ్మదగ్గది కాదు, అన్నింటినీ పక్కన పెడుతున్నామన్నారు జడ్జి గారు. ఎండ కళ్ళల్లో కొడుతుండగా గుద్దిందని చాయ్ హోటలాయన మాట. ఎండ ఉండగా వచ్చిన మనిషి దీపం పెట్టేదాకా కదల్లేదని దుకాణదారుడి మాట. గంట తప్పిపోవచ్చు గానీ, బేరంలో ఓడిన సంగతి ఏ దుకాణదారుడూ కల్పించి చెప్పుకోడని కూడా ఆయన అన్నారు. ఆ ఎండలో మలుపు దగ్గరున్నది సత్తయ్యేనా అన్న అనుమానం ఉంది గనక ముద్దాయిని వదిలేశారు. సత్తయ్య చేతులు జోడించి నిలబడ్డాడు.

అందరం బయటికొస్తుంటే ఆ వాచ్‌మన్ కర్ర ఊతంగా నా దగ్గరికొచ్చాడు.

“సత్తయ్య గాదంటివి సేటూ. మంచిదే. మరి నన్ను గుద్దినోడెవడు?”

“తెల్వదన్నా,” అన్నాను.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు. ఆయన్ను కూడా కోర్టులో ఎన్ని గంటలకని అడిగారట. డ్యూటీకి పోయేటప్పుడు అన్నాడట. ఆరు అని రాసుకున్నది పోలీసులు. ఆయనకు గుర్తున్నది సైకిలు చైను చప్పుడు, వెనకనుంచి గాలి, మట్టి వాసన. అవి ఏ గంటలోనూ పట్టవు. మేమందరం ఒకే సాయంత్రాన్ని చూశాం. ఒకరికి అది ఎండ, ఒకరికి మట్టి, ఒకరికి దీపం, నాకు బగోనె. దాన్ని ఒక అంకెలోకి దించమని చట్టం అడుగుతుంది. అడగక దానికీ తప్పదు. దించలేమని ఒప్పుకోవడమే సాక్ష్యం అని నాకు బోను ఎక్కాక గానీ తెలిసి రాలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. గిన్నెల మీద, గరిటెల మీద, అవసరమైతే గంగాళాల మీద బేరమాడతాను. కాలం మీద మాత్రం ఈ జన్మలో బేరమాడను. ఎవరు ఏ గంట చెప్తే ఆ గంట. తెలియకపోతే తెలియదు. నా తర్వాత గల్లా మీద కూర్చునేవాళ్ళకూ ఇది వర్తిస్తుంది.

ఆ ప్రమాణానికి మొదటి పరీక్ష కోర్టు గేటు దగ్గరే ఎదురైంది. సత్తయ్య ట్రాలీ స్టార్టు చేసి పిలిచాడు. “ఎక్కు సేటూ. బాపును గూడ కూసోమను. దుకాణం కాడ దించుత.”

“ఎంతసేపట్ల దించుతవ్ సత్తయ్యన్నా?”

“గంట పడ్తది.”

అరగంట దారి అది. దారిలో ఆగి చాయ్ తాగి వెళ్ళినా గంట పట్టదు. నాలుక దురద పెట్టింది. కళ్ళు మూసుకుని మింగేశాను.

“నువ్వెంతంటె గంత.”

సత్తయ్య గేరు వెయ్యబోయి ఆగి, నా వైపు తిరిగి బాధగా చూశాడు.

“ఇంత సులువుగ ఒప్పుకుంటవని తెలిస్తె రెండు గంటలని చెప్పకపోతినా సేటూ!”